చెత్త కాల్చే ప్లాంటుపై ప్రజాభిప్రాయ సేకరణ: మీ ఊరి అభ్యంతరం రికార్డులోకి ఎక్కించడం ఎలా?

విశాఖ చుట్టుపక్కల పల్లెల నుంచి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "మా ఊరి పక్కన చెత్త కాల్చే ప్లాంటు పెడతారట. పేపర్లో ప్రకటన పడింది. ఫలానా రోజు సభ అంటున్నారు. మేమేం చెయ్యాలి?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు పద్ధతి అంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఆ సభలో ఓటింగ్ ఉండదు. ఎంతమంది వద్దన్నారో లెక్కపెట్టి ప్లాంటు ఆపరు. నిర్ణయం తీసుకునేవాళ్ళు ఢిల్లీలోనో విజయవాడలోనో ఉంటారు. వాళ్ళు మీ ఊరు చూడరు. వాళ్ళ ముందుకు వెళ్ళేది సభ వీడియో, మినిట్స్ (సభలో చెప్పిన అభిప్రాయాల అధికారిక నమోదు), మీరిచ్చిన కాగితాలు, అంతే. అందుకే ఊరి కోపం మొత్తం కాగితం మీదికి రావాలి.

దగ్గర పెట్టుకోవలసినవి

- పేపర్లో వచ్చిన ప్రకటన అసలు కటింగ్ (తేదీ, పేపరు పేరు కనిపించేలా)
- ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక (అందరూ ఈఐఏ రిపోర్టు అంటారు), దాని తెలుగు సారాంశం
- గ్రామ పటం, స్థలం చుట్టూ ఉన్న సర్వే నంబర్ల అడంగల్, 1-బి కాపీలు
- లొకేషన్, తేదీ నమోదయ్యేలా ఫోటోలు తీసే ఫోను
- చదవడం, రాయడం వచ్చిన నలుగురైదుగురు. వాళ్ళలో ఒకరైనా డిగ్రీ సైన్సు చదివినవాళ్ళు ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు.

1. అది ఏ రకం ప్లాంటో తేల్చుకోండి

చాలా ఊళ్ళు ఇక్కడే తప్పటడుగు వేస్తున్నాయి. "చెత్త ప్లాంటు" అని అందరూ ఒకే మాట అంటారు గానీ, చట్టం దృష్టిలో అవి వేరు వేరు. 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ నోటిఫికేషన్ షెడ్యూలులో ఒక్కోదానికి ఒక్కో అంశం సంఖ్య ఉంటుంది.

ఫార్మా, రసాయన కంపెనీల ప్రమాదకర వ్యర్థాలను కాల్చేదైతే 7(డి). పరవాడ ఫార్మాసిటీ గురించి తెలిసినవాళ్ళకు ఈ రకం పరిచయమే. కాల్చడం ఉంటే ఇది 'ఎ' కేటగిరీ, అనుమతి కేంద్రం ఇస్తుంది. ఆసుపత్రి వ్యర్థాలదైతే 7(డిఎ), మున్సిపల్ చెత్తదైతే 7(ఐ). ఈ రెండూ 'బి' కేటగిరీ, మామూలుగా రాష్ట్ర స్థాయిలో తేలతాయి.

చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటైతే జాగ్రత్త. ప్రమాదకరం కాని మున్సిపల్ చెత్తతో నడిచే ప్లాంట్లకు 15 మెగావాట్ల వరకు ఈ అనుమతి నుంచే మినహాయింపు ఉంది, కాబట్టి సభ కూడా ఉండదు. కాపులుప్పాడలో కట్టింది సరిగ్గా 15 మెగావాట్లదే. అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపల పెట్టే వాటికి, 'బి' కేటగిరీలోనే ఈఐఏ రిపోర్టు అక్కర్లేదని 'బి2'గా తేల్చిన వాటికి కూడా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు.

మీది అలాంటిదని తేలితే సభ కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. నీటి కాలుష్య చట్టం (1974), గాలి కాలుష్య చట్టం (1981) కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే 'కన్సెంట్' లేకుండా చెత్త కాల్చే ఏ ప్లాంటూ నడపకూడదు. కింద చెప్పిన పద్ధతిలోనే అభ్యంతరాలు రాసి నేరుగా మండలికి, కలెక్టరుకి ఇవ్వండి. ఈఐఏ రిపోర్టు లేకపోయినా 4, 5, 6 దశల్లోని ప్రశ్నలు, పద్ధతి మీకూ వర్తిస్తాయి.

2. ప్రకటనలో తేదీలు సరిచూడండి

ప్రకటన ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో రావాలి. ప్రకటనకూ సభకూ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. క్యాలెండరు పెట్టుకుని లెక్కపెట్టండి. తక్కువైతే అదే మీ మొదటి అభ్యంతరం. కలెక్టరుకి, మండలికి వెంటనే రాసి ఇవ్వండి, సభ రోజు దాకా దాచుకోకండి. ముందే చెప్పినా వినలేదన్న రుజువు మీ దగ్గర ఉండాలి.

3. నివేదిక చేతికి తెచ్చుకోండి

ముసాయిదా నివేదిక, సారాంశం కలెక్టరు ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత పంచాయతీలో లేదా మున్సిపల్ ఆఫీసులో ఉండాలి. సభ అయ్యేదాకా ఆఫీసు వేళల్లో ఎవరు అడిగినా చూపించాలి. కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్లో కూడా చూడండి. కేంద్రం నడిపే 'పరివేష్' పోర్టల్లో ప్రాజెక్టు పేరు కొట్టి వెతికితే దరఖాస్తు, స్థలం వివరాలు దొరుకుతాయి.

పంచాయతీలో అడిగితే "మాకు రాలేదండీ" అనే జవాబు రావచ్చు. అది విని ఊరికే తిరిగి వచ్చేస్తే కుదరదు. "ఫలానా తేదీన వచ్చి అడిగాం, నివేదిక అందుబాటులో లేదు" అని రెండు లైన్లు రాసి, ఒక కాపీ ఇచ్చి, రెండో కాపీ మీద సీలు, సంతకం, తేదీ వేయించుకోండి. సీలు వెయ్యనంటే అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

సమాచార హక్కు దరఖాస్తు కూడా ఇదే సమయంలో పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజులు పట్టవచ్చు కాబట్టి ప్రకటన చూసిన వారంలోనే వెయ్యాలి. "ప్లాంటు గురించి మొత్తం సమాచారం ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. భూమి కేటాయింపు ఉత్తర్వు, స్థల పరిశీలన నివేదిక, నివేదిక ఎలా తయారు చెయ్యాలో చెబుతూ ఇచ్చిన నిబంధనల పత్రం అని పేర్లు పెట్టి విడివిడిగా అడగండి.

4. నివేదికను మీ ఊరితో పోల్చి చూడండి

మీ దగ్గరున్న సమయంలో సగం దీనికే పెట్టండి. నివేదిక వందల పేజీలుంటుంది, ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. టెన్షన్ పడకండి. మొత్తం చదవక్కర్లేదు. స్థల వివరణ, నీరు, గాలి, భూ వినియోగం, విపత్తు ప్రణాళిక, ఈ అయిదు భాగాలు విడదీసి పంచుకోండి. చదివినవాళ్ళు ప్రతి వాక్యం దగ్గరా ఒకటే అడగాలి: మా ఊళ్ళో ఇది నిజమేనా?

*నీరు.* పటంలో గెడ్డలు, చెరువులు, కోనేళ్ళు, ఊటబావులు అన్నీ ఉన్నాయా? వానాకాలంలో మాత్రమే పారే గెడ్డను చాలాసార్లు చూపించరు. స్థలం మీద పడిన వాన చివరికి ఎక్కడికి చేరుతుందో నడిచి వెళ్ళి చూడండి. భీమిలి, పద్మనాభం వైపైతే అది గోస్తనిలోకి చేరుతుందా, పెందుర్తి వైపైతే మేఘాద్రి గెడ్డ జలాశయంలోకి చేరుతుందా? చేరేట్టయితే అది మీ ఒక్క ఊరి సమస్య కాదు, నగరం తాగే నీళ్ళ సమస్య. ఆ మాట అభ్యంతరంలో మొదటి వరసలో ఉండాలి.

*భూమి.* "బీడు", "నిరుపయోగం" అని రాసిన చోట మల్లె, కనకాంబరం, జీడిమామిడి, కూరగాయలు ఉన్నాయా? పశువులు మేస్తున్నాయా? అడంగల్ తీసి పక్కన పెట్టండి. పాత శాటిలైట్ చిత్రాలు గూగుల్ ఎర్త్‌లో సంవత్సరాల వారీగా కనిపిస్తాయి. చెరువులో నీళ్ళున్న చిత్రం వెతికి ప్రింటు తీయించండి. ఉత్తరాంధ్రలో ఈ వాదనకు ఎంత బలముందో సోంపేట చూపించింది. అక్కడి బీల భూముల్లో తలపెట్టిన థర్మల్ ప్లాంటు అనుమతిని 2010 జులై 14న అప్పటి జాతీయ పర్యావరణ అప్పీళ్ల అథారిటీ రద్దు చేసింది. అవి బీడు భూములు కావు, బతుకునిచ్చే చిత్తడి నేలలు అన్నదే అక్కడి వాదనకు ప్రాణం. అదే రోజు అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోవడం ఇప్పటికీ తీరని బాధ.

*గాలి.* లెక్కలు ఏ నెలల్లో తీశారో చూడండి. మామూలుగా ఒక్క సీజన్, అంటే మూడు నెలల లెక్కలతో సరిపెడతారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకే తీసి ఉంటే, నైరుతి గాలి వీచే నెలల్లో పొగ ఎటు పోతుందో ఆ నివేదికలో ఉండదు. మీ బడి, అంగన్‌వాడీ, పాల కేంద్రం ప్లాంటుకు ఏ దిక్కున ఉన్నాయో గీసి, ఏ నెలలో గాలి ఎటు వీస్తుందో ఊరి రైతుల చేత చెప్పించండి. కొండల మధ్య పల్లంలో ఉన్న ఊరైతే, చలికాలం తెల్లవారుజామున పొగ పైకి లేవకుండా నేలను అంటుకునే ఉంటుంది. అది లెక్కలోకి తీసుకున్నారా అని అడగండి. విశాఖ నగరం ఇప్పటికే జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, అంటే గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో ఉంది. ఆ మాట కూడా రాయండి.

*డయాక్సిన్లు.* క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ లాంటివి సరిగ్గా కాలకపోతే పుట్టే విషాలు ఇవి. పొగగా పీల్చడం కంటే, గడ్డి మీద పడి పాలలోకి, కోడిగుడ్లలోకి, చేపల్లోకి చేరి మనకు రావడమే ఎక్కువ. మనిషికి చేరే డయాక్సిన్లలో 90 శాతానికి పైగా తిండి ద్వారానే వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలు (2016) పొగగొట్టం దగ్గర పెట్టిన పరిమితి ఒక ఘనపు మీటరుకు 0.1 నానోగ్రాము. కానీ ఆ పరీక్ష ఏడాదికి ఒక్కసారే. మిగతా రోజుల సంగతి ఏమిటి? ప్లాంటు రాకముందు మీ పాలలో, మట్టిలో ఎంత ఉందో కొలిచారా? కొలవకపోతే రేపు పెరిగిందని మీరు ఎప్పటికీ నిరూపించలేరు. ఈ ప్రశ్నను ఏ ఊరూ వదిలిపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

*బూడిద.* కాల్చితే చెత్త మాయమైపోదు. మున్సిపల్ చెత్తలో బరువు ప్రకారం నాలుగో వంతు దాకా బూడిదగా మిగలవచ్చు. పొగ వడపోతలో చిక్కే సన్నటి బూడిదలో భార లోహాలు, డయాక్సిన్లు ఉంటాయి. అది ఎక్కడ నిల్వ ఉంచుతారు, ఏ దారిన తీసుకెళతారు, ఎక్కడ పూడుస్తారు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడి గాలి ఎలా ఉంటుందో, రోజుల తరబడి కరెంటు లేకపోతే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. అలాంటి తుపాను వస్తే ఆ బూడిద గుట్ట, కాల్చడానికి తెచ్చి పెట్టిన వ్యర్థాలు ఏమవుతాయో విపత్తు ప్రణాళికలో వెతకండి. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో తెల్లవారకముందే స్టైరీన్ లీకై నిద్రలో ఉన్నవాళ్ళ ప్రాణాలు తీసింది. రాత్రివేళ ఊరిని ఎవరు లేపుతారు, ఏ రోడ్డున బయటికి పంపుతారు అని అడగడం మీ హక్కు.

5. అభ్యంతర పత్రం రాయండి

ఒక్కో అభ్యంతరంలో నాలుగు ముక్కలుండాలి: నివేదికలో ఏ పేజీలో ఏం రాశారు, ఊళ్ళో నిజంగా ఏముంది, దానికి రుజువేమిటి, మీరు ఏం కోరుతున్నారు. నమూనా ఇది:

"నివేదిక ___వ పేజీలో, స్థలానికి కిలోమీటరు లోపల నీటి వనరులు లేవని రాశారు. సర్వే నంబరు ___లో ఊరచెరువు ఉంది. ప్రతిపాదిత స్థలం హద్దు నుంచి ___ మీటర్ల దూరం. దాని కింద ___ ఎకరాలు సాగవుతోంది. గ్రామ పటం, అడంగల్ కాపీ, ఫోటోలు జతపరిచాము. ఈ చెరువుపై, దానిలోకి పారే గెడ్డపై ప్రభావం అధ్యయనం చెయ్యకుండా అనుమతి ఇవ్వవద్దని, సవరించిన నివేదికపై మళ్ళీ ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని కోరుతున్నాము."

రాశాక ఇలా పరీక్షించండి. మీ ఊరి పేరు, సర్వే నంబర్లు తీసేసి చదవండి. అది ఇంకే ఊరికైనా అతుకుతోందంటే అది బలహీనమైన అభ్యంతరం. "కాలుష్యం వస్తుంది, పిల్లలకు జబ్బులు వస్తాయి" అన్న వాక్యానికి కంపెనీ "అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం" అని ఒక్క ముక్కలో జవాబిస్తుంది. చెరువు లేదని రాసిన చోట చెరువు ఉందని చూపిస్తే ఆ జవాబు సరిపోదు.

తరచూ జరిగే పొరపాట్లు:

- ఒకే జిరాక్సు కాపీ మీద అయిదు వందల సంతకాలు. అధికారులు దాన్ని ఒక్క అభ్యంతరంగానే చూసే అవకాశం ఎక్కువ. అదీ ఉంచండి. దాంతోపాటు పాల రైతు, పూల రైతు, మత్స్యకారుడు, టీచరు, బాలింత, ఎవరిది వాళ్ళు సొంత మాటల్లో, సొంత చేతిరాతతో రాసిస్తే విలువ పెరుగుతుంది.
- కాగితం ఇచ్చేసి ఊరుకోవడం. సీలు వేసిన కాపీ లేకపోతే ఇచ్చినట్టే కాదు.
- తెలియని అంకెలు వాడటం. వాట్సాప్‌లో వచ్చిన కేన్సర్ లెక్క ఒక్కటి తప్పని తేలితే మిగతా పది నిజాల మీదా అనుమానం వస్తుంది.
- నిబంధనలు కలగాపులగం చెయ్యడం. చెత్త పూడ్చే స్థలానికి చెప్పిన దూరాలు కాల్చే ప్లాంటుకు వర్తిస్తాయని రాసేస్తుంటారు. నిబంధన పేరు, సంవత్సరం, తాజా సవరణ చూసుకునే రాయండి.

రాయడం రానివాళ్ళ చేత ఫోనులో వీడియో చెప్పించి, దాన్ని ఇంకొకరు రాసి, చదివి వినిపించి వేలిముద్ర వేయించాలి. ఖాళీ కాగితం మీద ఎవరూ, ఎవరికీ సంతకం పెట్టకూడదు. సభకు ముందు ఊళ్ళో హఠాత్తుగా మెడికల్ క్యాంపు పెట్టి పేర్లు రాసుకుని సంతకాలు తీసుకుంటుంటే, పైన ఏం రాసి ఉందో చదివాకే పెట్టమని ఇంటింటికీ చెప్పండి.

6. పంచాయతీ తీర్మానం

సర్పంచికి, పంచాయతీ కార్యదర్శికి రాసిచ్చి గ్రామసభ పెట్టించండి. తీర్మానంలో "వ్యతిరేకిస్తున్నాం" అన్న మాటతో ఆగకుండా కారణాలు వరసగా ఉండాలి. మినిట్స్ పుస్తకంలో ఎక్కిన పేజీ ధ్రువీకరించిన కాపీ తీసుకోండి. పక్క ఊళ్ళ చేత కూడా చేయించండి, ఎందుకంటే నివేదిక అధ్యయనం చేసేది మామూలుగా స్థలం చుట్టూ 10 కిలోమీటర్ల దూరంలోపు ఊళ్ళన్నిటినీ. సర్పంచి ముందుకు రాకపోతే వార్డు సభ్యుల చేత, స్వయం సహాయక సంఘాల చేత విడిగా వినతిపత్రాలు ఇప్పించండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి.

7. సభ రోజు

బహిష్కరిద్దాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దు. ఈ సభకు కోరం లేదు. పది మంది వచ్చినా జరిగినట్టే లెక్క, ఆ పది మందీ కంపెనీ తెచ్చుకున్నవాళ్ళు కావచ్చు. కుర్చీలు విసిరి అధికారుల్ని తరిమేస్తే ఇంకా నష్టం. ప్రజలు స్వేచ్ఛగా మాట్లాడే పరిస్థితి ఊళ్ళో లేదని నివేదిక వెళితే, సభ లేకుండానే ముందుకు పోయే వీలు ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. ఊరేగింపు పెట్టుకోవాలంటే పోలీసు అనుమతి ముందే అడగండి, 163 సెక్షన్ (పాత 144) అమల్లో ఉందేమో కనుక్కోండి.

సభకు కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. అంతకంటే కింది అధికారి కూర్చుంటే మైకులోనే అభ్యంతరం చెప్పండి. హాజరైన ప్రతి ఒక్కరికీ మాట్లాడే, వివరణ అడిగే అవకాశం ఇవ్వాలి. సభ మొత్తం వీడియో తీయాలి. మీరూ వేరుగా తీసుకోండి.

ఎవరు ఏ అంశం మాట్లాడాలో ముందే పంచుకోండి. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు చాలు. మొదట పేరు, ఊరు, తర్వాత పేజీ నంబరు, చివర కోరిక. ఆడవాళ్ళను మొదటి వరసలో కూర్చోబెట్టండి, మొదటి అరగంటలోనే మాట్లాడించండి. సాయంత్రానికి బస్సులో వచ్చినవాళ్ళు మైకు పట్టుకుంటే మీ వంతు రాదు. మాట్లాడినదంతా కాగితం మీద కూడా ఇవ్వండి.

"మరి చెత్త ఎక్కడికి పోవాలి?" అని తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, తప్పించుకోవద్దు. కాపులుప్పాడ డంపింగ్ యార్డు చుట్టుపక్కలవాళ్ళు పడుతున్నది మన ఊరికి రాకూడదంటే, అది ఏ ఊరికీ రాకూడదనే మనం మాట్లాడాలి. తడి చెత్త వేరు చేసి ఎరువో గ్యాసో చెయ్యవచ్చు. తడిసిన చెత్త అసలు సరిగ్గా మండదు, మండించడానికి వేరే ఇంధనం కావాలి. ఆసుపత్రి వ్యర్థాల్లో ఎర్ర సంచిలోని ప్లాస్టిక్‌ను ఆవిరితో శుద్ధి చేసి ముక్కలు చేస్తారు, కాల్చరు. పసుపు సంచిలోవే కాల్చడానికి వెళతాయి. ఇప్పటికే ఉన్న ప్లాంట్ల సామర్థ్యం ఎంత, అందులో ఎంత వాడుతున్నారు, కొత్తది ఎందుకు కావాలి అని మీరే తిరిగి అడగండి.

8. మినిట్స్ చదివేదాకా కదలకండి

అందరూ అలిసిపోయి ఇంటికి వెళ్ళిపోయే సమయంలోనే అసలు పని ఉంటుంది. సభ చివర, చెప్పిన అభిప్రాయాల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. అదే రోజు అధ్యక్షత వహించిన అధికారి సంతకం పెట్టాలి. మీలో ఇద్దరు ముందే రాసుకున్న జాబితా పట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోవాలి. "కొందరు ఉద్యోగాలు అడిగారు, కొందరు కాలుష్యం గురించి ఆందోళన చెందారు" అని రెండు ముక్కల్లో ముగిస్తే అక్కడే లేచి చెరువు, గెడ్డ, డయాక్సిన్ పరీక్ష పేరు పేరునా చేర్చమనాలి. చేర్చకపోతే ఆ సంగతి వెంటనే రాసి, అక్కడే అధికారికి ఇచ్చి కాపీ మీద సంతకం అడగండి.

9. తర్వాత

మినిట్స్ పంచాయతీలో, జిల్లా పరిషత్‌లో, కలెక్టరేట్‌లో, మండలి ఆఫీసులో ప్రదర్శించాలి. మీ వీడియోతో పోల్చి, తేడా ఉంటే అనుమతి ఇచ్చే సంస్థకు నేరుగా రాయండి. తుది నివేదికలో మీ అభ్యంతరాలకు కంపెనీ ఇచ్చిన జవాబులుంటాయి. అవి చదివి ఇంకోసారి రాయండి.

పరివేష్ పోర్టల్‌ను వారానికోసారి చూసే బాధ్యత ఒక్కరికి అప్పగించండి. అనుమతి ఇచ్చేస్తే, అది తెలిసిన 30 రోజుల్లోగా చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో అప్పీలు వెయ్యాలి. సరైన కారణం చూపితే మరో 60 రోజుల దాకా ఆలస్యాన్ని మన్నించగలరు, ఆపైన కుదరదు. నష్టపరిహారం అడగని అప్పీలుకు రుసుము 1,000 రూపాయలు. వకీలు దగ్గరికి వెళ్ళేటప్పుడు పేపరు కటింగు, సీలు వేసిన కాపీలు, తీర్మానాలు, వీడియో, మినిట్స్ తేదీల వరసలో ఒకే ఫైల్లో పెట్టి తీసుకెళ్ళండి. ఒక సెట్టు ఎప్పుడూ ఊళ్ళోనే ఇంకొకరి ఇంట్లో ఉంచండి.